పొయ్యి పక్కన ఖాళీ చోటు

బాన్సువాడ బస్టాండు ముందు చెరుకు రసం బండి ఉంది. ఆ పచ్చి వాసన ముక్కుకు తగలగానే నా కుడికాలు దానంతటదే పక్కకు జరుగుతుంది. ఎవరికో దారి ఇచ్చినట్టు. ఈ సంగతి నాకు చెప్పింది సరిత.

సరిత మా బీర్కూర్ పక్క తండా పిల్ల. చదువులో భాగంగా బెల్లం వండినవాళ్ల మీద ఫిల్ము తీయాలని వచ్చింది. అప్పటికి నాకు డెబ్బై దాటాయి. వేలిముద్రే నా సంతకం. ప్రతి షాటుకు ముందు పలక మీద నంబరు రాసి కెమెరాకు చూపాలి. ఆ పలక నా చేతికిచ్చి, "నువ్వే రాయి తాతా, చెయ్యి తిరుగుతది" అంది. అంకెలయ్యాక అక్షరాలు, ఆ తర్వాత నా పేరు నేర్పింది. తప్పు రాస్తే తుడిపించేది, జాలిపడేది కాదు.

మిట్టమధ్యాహ్నం పాడుబడ్డ బెల్లం పొయ్యి దగ్గర నిలబెట్టింది. "ఈ పొయ్యి మీద నేనొక్కణ్నే వండేవాణ్ని" అని కెమెరాకు చెప్పాను.

"జర నడిమిట్లకు రా తాతా. సగం బొమ్మ ఖాళీ ఉంటది."

"నడిమిట్లనే ఉన్న గదనే! నీ డబ్బానే వంకర."

ఆరుసార్లు తీసింది. ఆరూ పాడయ్యాయి. ఆమె అరిచింది, నేనూ అరిచాను.

మర్నాడు వాళ్లింట్లో చప్పుడు ఆపేసి, బొమ్మ ఒక్కటే చూపించింది. తెర మీద నేను పొయ్యి చుట్టూ తిరుగుతున్నాను. ఆరుసార్లూ ఒకే చోట పక్కకు జరిగి, ఆ చోటు తొక్కకుండా పోతున్నాను. జల్లిగరిటె పట్టినట్టు ఉత్త చెయ్యి గాలిలోకి చాచి, ఎవరో అందుకునేదాకా ఆగి, వెనక్కి తీసుకుంటున్నాను.

"తాతా, గాడ ఎవలున్నరు?"

నా తమ్ముడు సాయన్న ఉండేవాడు. పాకం నేను కలిపితే, నా చేతిలోని జల్లిగరిటె అందుకుని వాడు పైకి తేలిన మడ్డి తీసేవాడు. పొలం పంచుకున్నప్పుడు మా మధ్య మాటలు పోయాయి. చెరుకులో పాము కరిచి చచ్చిపోతే పాడె మోయడానికి కూడా పోలేదు నేను. ఆనాటి నుంచి నేనొక్కణ్నే వండానని ఊరంతా చెప్పుకున్నాను.

అంతా చెప్పి, "మళ్ల తియ్యి బిడ్డా. ఈసారి నడిమిట్ల నిలబడ్త" అన్నాను. సగం ఖాళీ ఉన్న షాట్లు పనికిరావని వాళ్ల కాలేజీ సారు కూడా ఆమెకు ఫోనులో గట్టిగానే చెప్పాడు.

సరిత తల అడ్డంగా ఊపింది. "నోరు మళ్ల అబద్ధం చెప్తది తాతా. కాళ్లు చెప్పవు. తప్పు నీదని అరిచిన గని, సక్కగ సూడంది నేనే."

మళ్లీ పొయ్యి దగ్గరికి పోయాం. ఈసారి నంబరు వద్దంది. పలక మీద 'సాయన్న' అని రాశాను. నా పేరు కాక నేను రాసిన మొదటి పేరు అదే. పలకను ఆ ఖాళీ చోట పెట్టి పక్కకు జరిగాను. ఆమె చాలాసేపు తీసింది. అప్పుడు గాలి లేదు, పొయ్యిలో నిప్పు లేదు. బెల్లం పాకం వాసన మాత్రం వచ్చింది. ఆమెకూ వచ్చిందేమో, నేను అడగలేదు.

ఆ షాట్లన్నీ ఫిల్ములో అలాగే ఉంచింది. మార్కులు తగ్గాయట. "తగ్గితే తగ్గనీ" అని నవ్వింది.

నిన్న రసం బండి దగ్గర నా కాలు మళ్లీ జరిగింది. బండివాడు చూసి, "ఏంది తాతా, ఎవలకు జాగ ఇస్తున్నవ్?" అన్నాడు.

ఇదివరకైతే ఎవరూ లేరని కసిరేవాణ్ని.

"మా తమ్మునికి" అన్నాను.