గోదావరిలో కలిపిన పుస్తకాలు

మా అత్తగారు మంత్రసాని. తణుకు చుట్టుపక్కల తాను పురుడు పోసిన 1,312 మంది బిడ్డల పుట్టిన తేదీ, వేళ పుస్తకాల్లో రాసి ఉంచారు. జాతకం రాయించాలంటే జనం మా ఇంటికే వచ్చేవారు.

2006లో అవన్నీ కంప్యూటరులో ఎక్కించాను. కొత్త కంప్యూటరులో నడవని పాత తెలుగు సాఫ్ట్‌వేరు కోసం మేనకోడలు సుధ అందులోనే వర్చువల్ మెషీన్ అని ఇంకో కంప్యూటరు పెట్టి ఇచ్చింది. పేజీకో ‘శ్రీరామ’ ఉన్న పుస్తకాలను తూకానికి వేయలేక, కొవ్వూరు వెళ్లి గోదావరిలో కలిపాను.

ఆ తర్వాత నాలుగో రోజు, ఎక్కించినవి మరోసారి చదువుకుంటుండగా కరెంటు పోయింది. వచ్చాక ఆ లోపలి కంప్యూటరు తెరుచుకోలేదు.

“దాని డిస్కు ఫైలు పాడైంది అత్తయ్యా, నువ్వు ఎక్కించినవన్నీ అందులోనే ఉన్నాయి. పుస్తకాలేవి?” అంది సుధ.

“గోదాట్లో.”

“అన్నీ రెండుసార్లు సరిచూసే మనిషివి, కాపీ లేకుండా కలిపేశావా!”

సుధ మూడు రోజులు కూర్చుని, పాడైన ఫైలులోంచి 1,289 మంది వివరాలు వెలికి తీసింది. మిగిలినవి దొరకలేదు.

ఇప్పటికీ ఎవరైనా పుట్టిన వేళ కోసం గేటు తీస్తే, వారు ఆ ఇరవైముగ్గురిలో ఒకరు కాకూడదని మొక్కుకుంటూ కంప్యూటరు తెరుస్తాను.