నాలుగడుగుల గాజుతొట్టి, మా బావ మాట

మొన్న ఆదివారం పటాన్‌చెరులో ఒక రంగుచేపల దుకాణంలో పరాయివాళ్ల బేరంలో దూరి గొడవ పెట్టుకుని వచ్చాను. యాభై దాటినవాడికి ఇది తగునా అని మీరు అనవచ్చు, కానీ నా ఈడువాళ్లే కనుక సంగతంతా విన్నాక అనండి. మా చిన్నమ్మాయి పెంచుకునే చేపలకు మేత కొందామని వెళితే, నాకంటే ముందు కొల్లూరు డబుల్ బెడ్‌రూం ఇళ్లలోకి కొత్తగా వచ్చిన ఒక జంట నిలబడి ఉంది. దుకాణదారు వాళ్లకు అడుగున్నర గాజుతొట్టి, అందులోకి వేలెడంత ఫ్లవర్‌హార్న్ చేపపిల్ల, దానికి తోడని నాలుగు గోల్డ్‌ఫిష్‌లు కట్టబెడుతున్నాడు. కొట్టుకోవా అని ఆ జంటలోని అమ్మాయి అడిగితే, "ఏం కాదక్కా, అడ్జస్ట్ అయితయ్. తొట్టి చిన్నగుంటే చేప గూడ చిన్నగనే ఉంటది" అన్నాడు.

ఆ మాట చెవిన పడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అది పచ్చి అబద్ధమనీ, ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల జానెడు దాటి పెరుగుతుందనీ, ఈలోపే ఆ గోల్డ్‌ఫిష్‌లను తోకలతో సహా చీల్చేస్తుందనీ గట్టిగా అరిచాను. దుకాణదారు నా మేత పొట్లం బల్ల మీదికి విసిరి, నా దారి నన్ను చూసుకోమన్నాడు. ఆ అమ్మాయి మాత్రం నెమ్మదిగా నావైపు తిరిగి, "మీకెట్ల తెలుసు అంకుల్?" అని అడిగింది. అంతసేపూ ఆగని నా నోరు అక్కడ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే ఇరవై ఏళ్ల వెనక్కి వెళ్లాలి.

మాది భానూర్ దగ్గరి పల్లె. జొన్న, కంది వేసుకునే కుటుంబాలు మావి. బోర్లు ఎండిపోయి, సగం పొలాలు ప్రహరీగోడల వెనక్కి పోయాక, మా ఊరి మగవాళ్లు ఒక్కొక్కరే సైకిళ్లెక్కి ఫ్యాక్టరీల సైరన్లకు అలవాటు పడ్డారు. మా అక్క పెనిమిటి, అంటే మా బావ, అందరికంటే ముందు వెళ్లి ఒక పంపుల కంపెనీలో ఫిట్టరయ్యాడు. పదేళ్ల తర్వాత నన్నూ వెంటబెట్టుకెళ్లి అదే కంపెనీలో కాంట్రాక్టు హెల్పరుగా పెట్టించాడు. నాకు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే, మధ్యాహ్నం తన టిఫిన్‌లో సగం నా మూతలోకి వంపింది ఆయనే.

మా కంపెనీ సేటుకు ఎవరో ఒక ఫ్లవర్‌హార్న్ పిల్లను బహుమతిగా ఇచ్చారు, అది ఉన్నచోట అదృష్టం ఉంటుందని. చేపను గాజు గ్లాసులో పెట్టి చూస్తున్న సేటును చూసి మా బావకు ప్రాణం ఉసూరుమన్నదట. తిరిగొచ్చి స్క్రాపులో పడి ఉన్న మందపు అద్దాలు కోయించి, ఇనుప యాంగిళ్లతో స్టాండు వెల్డింగు చేసి, నాలుగడుగుల తొట్టి తయారుచేసి ఆఫీసు వరండాలో పెట్టాడు. వేలెడు చేపకు ఇంత చెరువెందుకని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "చేపను సూసి తొట్టి కొనొద్దురా, అది పెరిగినంక ఎంతుంటదో సూసి కొనాలె" అన్నాడు మా బావ. చేప వెనక్కి తిరిగేటప్పుడు తోక అద్దానికి తగిలిందంటే అది తొట్టి కాదు జైలని ఆయన లెక్క.

అది పెరిగింది. నెత్తిన ఎర్రటి బుడిపె, ఒంటి పక్కన నల్లటి పూలమచ్చలు, కళ్లలో పొగరు. ఇది సిక్లిడ్ అనే జాతిదట, ఆ జాతి చేపలన్నిటికీ ఈ పొగరు ఉంటుందట, కంటికి కనిపించినంత మేరా తన జాగీరే అనుకుంటాయి. తొట్టి కడగడానికి చెయ్యి పెడితే నా వేళ్లు కొరికేది, మా బావ చెయ్యి పెడితే మాత్రం అరచేతిలోకి వచ్చి బుడిపె రుద్దుకునేది. దానికి తోడుగా అద్దాల పాచి తినే ఒక పెద్ద సక్కర్ చేపను వేయాలనుకున్నప్పుడు ఆయన చేసిన పని నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముందు ఫ్లవర్‌హార్న్‌ను బకెట్‌లోకి తీశాడు, అడుగు రాళ్లన్నీ కదిపి చోట్లు మార్చాడు, దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క పడేశాడు, అప్పుడు ముందు సక్కర్‌ను దింపి తర్వాత దీన్ని వదిలాడు. పాతకాపుకు కూడా ఇల్లు కొత్తదైతే జెర పొగరు తగ్గుతుందన్నాడు. సైజు సరిపోవాలి, చోటు ఉండాలి, తప్పించుకునే దారి ఉండాలి, ఇవి మూడూ లేకపోతే ఒంటరిగా ఉంచడమే పుణ్యమన్నాడు. అయినా నెల తిరక్కుండా అది సక్కర్ వెంటపడటం మొదలుపెడితే, మారుమాట లేకుండా సక్కర్‌ను తీసి వేరే తొట్టిలో వేశాడు. ఇదంతా నా ఎదుటే చేశాడు, చేస్తూ చెప్పాడు, ఒకసారి కాదు వందసార్లు చెప్పాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఒక ఏడాది ఆర్డర్లు పడిపోయాయి. సేటు వాస్తుకారుణ్ని పిలిపించాడు. ఆ మహానుభావుడు కంపెనీ అంతా తిరిగి, యంత్రాలను వదిలేసి చేప మీద పడ్డాడు. తొట్టి సేటు గదిలో ఈశాన్యమూల ఉండాలన్నాడు. ఆ మూల ఒక పిల్లరు, పక్కన బీరువా, మధ్యలో రెండడుగుల తొట్టికి మించి పట్టదు, అయితే చిన్న తొట్టే తెమ్మన్నాడు. అందులో ఎనిమిది బంగారు రంగు చేపలు, ఒక నల్లచేప, మొత్తం తొమ్మిది ఉండాలన్నాడు. మరి ఫ్లవర్‌హార్న్ మాటేమిటంటే, దాని ఒంటి మీద నల్లమచ్చలున్నాయి కదా, నల్లచేప లెక్కలోకి అదే వస్తుందని తేల్చాడు. ఇప్పటికీ తలుచుకుంటే పళ్లు నూరుకుంటాను, బతికున్న జీవిని లెక్క సరిపెట్టడానికి వాడుకున్న తెలివి అది!

ఆ రెండు రోజులూ మా బావ లేడు. అక్కను తీసుకుని బొంతపల్లి వీరభద్రస్వామి మొక్కు తీర్చుకోవడానికి వెళ్లాడు. సూపర్‌వైజరు నన్ను పిలిచి చేపను మార్చమన్నాడు. బావ వచ్చేదాకా ఆగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. నన్ను పర్మినెంట్ చేసే కాగితం అప్పటికి వాడి టేబుల్ మీదే ఉంది. కొట్టుకుంటాయేమో సార్ అని మాత్రం గొణిగాను. "అడ్జస్ట్ అయితయ్ తియ్యి" అన్నాడు. నేను సరే సార్ అన్నాను. ఈ చేతులతోనే దాన్ని వలలో పట్టి, తిరగడానికి కూడా చోటు చాలని ఆ పెట్టెలో వదిలాను, ఈ చేతులతోనే దాని మీద ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లను కుమ్మరించాను.

మర్నాడు పొద్దున సేటు గది తలుపు తీసేసరికి ఆరు చచ్చి తేలుతున్నాయి, రెండు ఫిల్టరు వెనక ఇరుక్కుని ఉన్నాయి. నీళ్లు కుడితిలా ఉన్నాయి. ఆ కుళ్లిన నీళ్లలో ఫ్లవర్‌హార్న్ పక్కకు ఒరిగి, బుడిపె జారిపోయి, నోరు తెరుచుకుని ఉంది. మొక్కు తీర్చుకుని డ్యూటీకి వచ్చిన మా బావ, చేతిలో ప్రసాదం పొట్లం అలాగే ఉండగా, రెండో చెయ్యి నీళ్లలో పెట్టాడు. అది కొంచెం కదిలి ఆయన అరచేతి దాకా వచ్చింది, అక్కడే పోయింది.

అదృష్టం చచ్చిందని సేటు చిందులు తొక్కాడు. చేపల బాధ్యత ఎవరిదంటే ఫిట్టరుదని సూపర్‌వైజరు చెప్పాడు, లీవుకు ముందు నీళ్లు మార్చలేదని ఒక అబద్ధం కూడా అతికించాడు. చేపను తొట్టి మార్చింది నేనే కనుక నన్నూ పిలిచారు. సేటు ఒకటే అడిగాడు, ఇట్లా కలిపి వేయకూడదని నీకు తెలియదా అని. మా బావ నా పక్కనే నిలబడి ఉన్నాడు. నిజం చెబితే, తెలిసీ ఎందుకు వేశావంటారు, ఎవరు వేయమన్నారంటారు, టేబుల్ మీది కాగితం చిరుగుతుంది. "తెల్వద్సార్. బావ ఎన్నడు చెప్పలే" అన్నాను.

మా బావ నన్ను చూడలేదు. చేతిలోని ప్రసాదం పొట్లం కిటికీ గట్టు మీద పెట్టి, "అవు సార్, నేను చెప్పలే" అన్నాడు.

మర్నాటి నుంచి ఆయనకు గేటు బంద్. నెల తిరిగేసరికి నేను పర్మినెంట్. సేటు మీద, వాస్తుకారుడి మీద, సూపర్‌వైజరు మీద ఇన్నేళ్లూ నేను పెంచుకున్న కోపమంతా ఒక కుప్పగా పోస్తే, అడుగున ఉండేది నేనే అని నాకు తెలుసు. మా బావ ఆ తర్వాత ఔటర్ రింగు రోడ్డు పక్కన ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. పండక్కో పబ్బానికో కలిస్తే పిల్లలెట్లున్నరని అడిగేవాడు, ఆ ముచ్చట మాత్రం ఒక్కనాడూ ఎత్తలేదు. తిట్టి ఉంటే నాకింత మంట ఉండేది కాదు. పోయినేడు ఆయన కాలం చేశాడు. కంపెనీ వద్దనుకున్న నాలుగడుగుల తొట్టిని అప్పట్లోనే ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాడు, అక్క ఇప్పుడు అందులో ఎండుమిర్చి పోసుకుంటోంది.

మొన్న దుకాణంలో ఆ అమ్మాయి నా జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంది. దుకాణదారు నవ్వుతున్నాడు. "మా బావ చెప్పిండమ్మా. వందసార్లు చెప్పిండు" అన్నాను. ఆమె తన భర్త మొహం, తొట్టి మొహం మార్చి మార్చి చూసి, చేపలు ఇప్పుడే వద్దులే అంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు.

జొన్నచేలున్నచోట ఇప్పుడు ఆరడుగుల తొట్లు అమ్మే దుకాణాలున్నాయి, ఏ చేపకు ఎంత చోటు కావాలో ఫోనులో వేలితో నొక్కితే చెబుతుంది, అడ్జస్ట్ అయితయ్ అనేవాడు మాత్రం ఎక్కడికీ పోలేదు. మా బావ పోయాడు. ఆ గదిలో సేటు ముందు చెప్పాల్సిన మాట ఇరవై ఏళ్లు ఆలస్యంగా, ఆయనను ఎరగని ఒక అమ్మాయికి చెప్పి, మేత పొట్లం అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చాను.