మా యారాలి ఒంట్లో పాత కిరాయిదారు

మా యారాలు పోయిందని సంగారెడ్డి దవాఖాన నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పప్పుకు పోపు పెడుతున్నాను. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగిందట. అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే, ఇక మా చిట్కుల్ ఊరు సగం ఆమె గుమ్మం ముందే ఉంటుంది కదా అనుకున్నాను. ఆమె మా బావగారి భార్య, ఇంటికి పెద్దకోడలు. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆమెను చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను. పోయిందని మానలేదు.

పొలాలు పోయి కంపెనీలు వచ్చాక ఇద్దరం పక్కపక్కనే గదులు కట్టి కిరాయికిచ్చాం. నా గదుల్లో మనుషులు మారుతూనే ఉండేవాళ్ళు. ఆమె గదుల్లో దిగిన ఒడిశా పోరగాళ్ళు ఊరికి పోయొచ్చినా మళ్ళీ అక్కడే దిగేవాళ్ళు. ఆమెను అమ్మా అనేవాళ్ళు, నన్ను ఆంటీ అనేవాళ్ళు. నేను టైల్స్ కూడా వేయించాను, అయినా అంతే.

మొన్న ఎండాకాలం చివర మా వాడలో ముసలివాళ్ళకు ఫ్లూ సూదులు వేశారు. సూదికి ముందొకసారి, నెల తర్వాత ఒకసారి నెత్తురు తీసి చూస్తామన్నారు. చెయ్యి వాచి జ్వరమొస్తేనే సూది పనిచేసినట్టని మా వైపు లెక్క. ఆమె చెయ్యి బూరెలా పొంగింది, ఒళ్ళు కాలిపోయింది. చూడటానికి వాడకట్టంతా వచ్చింది. ఆమె కొడుకు మేక కాళ్ళ పాయ వండించి తెచ్చాడు. నేనేమో మర్నాడు దుప్పట్లు ఉతుక్కున్నాను. "నీ ఒళ్ళు మందమమ్మా, సూది ఏసినట్టు గూడ తెల్వలే" అని నా కొడుకు నవ్వాడు. కడుపు మండి, ఇంకో సూది వేయమని నర్సమ్మ వెంట పడ్డాను. పొమ్మంది.

నెల తర్వాత నెత్తురు చూసిన డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది. ఫ్లూను ఎదిరించే బలం నా నెత్తురులో బాగా పెరిగిందట, ఆమెకు అంతగా పెరగలేదట.

"వాపుకూ దీనికీ సంబంధం లేదమ్మా. చిన్నప్పుడు ఒంట్లకొచ్చి సప్పుడు చెయ్యకుండ ఉండిపోయే వైరస్ ఒకటుంటది. చాలామందిల ఉంటది, ఈమెల జోరెక్కువుంది. వయసు మీద పడ్డంక కొందరి ఒంట్ల బలగమంతా దాన్ని కాయనీకే సరిపోతది. కొత్త సూదికి తక్కువ మిగులుతది. అందుకేనని గట్టిగ చెప్పలేం గని, చుట్టూ ఉన్నోళ్ళు గూడ సూది ఏసుకుంటే ఈమెకు మంచిది" అంది.

బతుకులో మొదటిసారి ఆమెను దాటాను. సంతోషం దాచుకోవడం నా వల్ల కాలేదు. ఆమె నా భుజం మీద చెయ్యేసి, "నా ఒంట్ల గూడ ఒకడు కిరాయికి దిగిండట చెల్లె. చిన్నప్పటిసంది ఉన్నోణ్ణి ఇప్పుడు ఎల్లగొడ్తమా?" అంది. అక్కడున్నవాళ్ళంతా పకపకా నవ్వారు. గెలిచింది నేను, నవ్వులు ఆమెకు.

పోరగాళ్ళను మాత్రం ఆమె దవాఖానకు సూదికి పొమ్మనలేదు. "షిఫ్ట్ పోతది వాళ్ళకు, నా కోసమా?" అనేది. వానలు ముదిరాక వాళ్ళలో ఒకడు జ్వరంతో పడుకుంటే పక్కన కూర్చుని గంజి తాగించింది.

"మూతికి గుడ్డన్న కట్టుకో అక్కా!"

"గుడ్డ కట్టుకుంటే నేను నవ్వేది వానికెట్ల కనబడ్తది?"

ఆ జ్వరం మా ఇద్దరికీ తగిలింది. నాకు తుమ్ములతో పోయింది. ఆమెను అంబులెన్సులో తీసుకుపోయారు.

ఆమె అంటే నాకు ప్రేమ లేదనుకోకండి. నా కాన్పులకు నీళ్ళు పోసింది ఆమే. పటాన్‌చెరు నుంచి చీరలు తెస్తే ముందు నన్నే ఎంచుకోమనేది. మంచిది నేనే తీసుకునేదాన్ని. కట్టుకున్నాక ఆమె చీరే బాగుండేది.

దినాలయ్యాక డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది, ఈసారి ఎవరికైనా వేస్తామంది. "గంత జ్వరమొచ్చినామెకే పనిజెయ్యలే, మనకేం జేస్తది" అని వాడకట్టు ఆడవాళ్ళు కదల్లేదు. ఎవరొస్తారో చూద్దామని నేను పోయాను. ఆమె గదుల పోరగాళ్ళు షిఫ్ట్ వదులుకుని వచ్చారు. దినాలకు ఆమె కొడుకుతో పాటు వాళ్ళూ గుండ్లు చేయించుకున్నారు.

"ఇప్పుడెవరి కోసంరా?" అని ముందున్నవాణ్ణి అడిగాను.

"అమ్మ కోసం, ఆంటీ."

"అమ్మ లేదు కదరా."

వాడు కంపెనీ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఆ గదుల మధ్య ఇప్పుడు మిగిలిన ముసలిదాన్ని నేనొక్కదాన్నే. సన్నటి వానలో ఆ గుండు తలలు ఒకదాని వెనుక ఒకటి కదులుతుంటే, కుళ్ళుకుంటూ చూస్తూ నిలబడ్డాను.