యూనిఫారానికి దండ

మా వీధిలో దండలు కట్టే మావయ్య కోపమొస్తే దారాన్ని పళ్లతో కొరికి తెంపేవాడు. ఆయనకెప్పుడూ కోపమే. యూనిఫారంలో ఉన్న ఎవరి ఫొటోకీ దండ కట్టేవాడు కాదు. మిలటరీ ఏలుతున్న ఈ బర్మాలో, యాంగోన్‌లో అదెంత తెగువో ఇక్కడున్నవాళ్లకే తెలుసు. మింగళాడోన్ కంటోన్మెంటు నుంచి మిలటరీవాళ్లు మనిషిని పంపినా, బుట్టనిండా మల్లెలు పెట్టుకుని "పూలు నేవు" అనేవాడు.

ఓసారి మా బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే పోలండు ఇంజినీరుని వెంటబెట్టుకెళ్లాను. ఆ రోజు వాళ్ల సేనాపతి వర్ధంతి. రెండో ప్రపంచయుద్ధంలో గెలిచినా ఆయన్ని అక్కడి కొత్త ప్రభుత్వం సొంత దేశంలో అడుగు పెట్టనివ్వలేదని, పరాయిచోటే పోయాడని చెప్పాను. ఇంజినీరు తెచ్చిన ఫొటోలో యూనిఫారం చూసి మావయ్య మండిపడ్డాడు.

"మళ్లీ యూనిఫారమేటి! జపానోళ్ల బాంబులు పడితే ఇంగిలీసు దొరలు ఓడలెక్కీసినారు. రేవులో మూటలు మోసిన మా తాత ఇండియాకి నడిసి నడిసి తోవలోనే సచ్చిపోనాడు. ఈడు మాత్తరం తన సిపాయిల్ని ఒగ్గీసి పోనేదేటి?"

ఇంజినీరుని అడిగి చెప్పాను. "లేదు మావయ్యా. చచ్చాక కూడా తన సిపాయిల పక్కనే పాతిపెట్టమన్నాడట."

మావయ్య బుట్ట ముందుకి లాక్కుని దండ కట్టాడు. కోపం మాత్రం తగ్గలేదు. దారం పటుక్కున కొరికి, దండ నా చేతిలో పడేశాడు.

"ఈయనకెయ్యి. మా తాతకి ఎయ్యడానికి ఫొటో కూడా నేదు."