అప్పలసూరి వంతు

పార్వతీపురం స్టేషన్లో పాసింజరు ఆగేసరికి చిన్నమ్మలు నడుం కారడం మొదలుపెట్టింది. ముందు చీర తడిసింది, తరవాత బల్ల, ఆ తరవాత నా దుప్పటి. ఎదుటి పెద్దమనిషి ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, ఆమెను వదిలేసి, ఆ వాసన నాదే అనుకుని, తెల్ల పంచెలో ఉన్న నన్ను చూసి జాలిగా తల తిప్పుకున్నాడు.

ఆమె చీర కింద కట్టుకున్నది కాపడం పెట్టుకునే రబ్బరు సంచి. అందులో ఉన్నది ఇప్పసారా. ఆంధ్రాలో మద్యనిషేధం వచ్చి ఏడాది దాటింది. సరిహద్దు దాటిన బండినల్లా పోలీసులు ఎక్కి వెతుకుతున్నారు.

భిలాయి ఉక్కు ప్లాంటు కూలీలుండే క్యాంప్ 1లో చిన్నమ్మలును ఎరగనివాళ్లు తక్కువ. ఎరిగినట్టు ఒప్పుకునేవాళ్లు ఇంకా తక్కువ. ఉద్యోగుల క్వార్టర్లున్న సెక్టర్ 6 నుంచి సైకిళ్ల మీద ఆమె ఇంటికి వెళ్లే మర్యాదస్తులం ఆ సందు మలుపు దగ్గరే గంట కొట్టడం మానేసేవాళ్లం.

ప్లాంటు కడుతున్న రోజుల్లో ఆమె అన్న అప్పలసూరి కొలిమి ఇటుకలు మొయ్యడానికి వచ్చాడు. చెల్లెలి మొగుడు పోయాక ఆమెను తెచ్చి తన గదిలోనే చోటిచ్చాడు. పక్కింటి ఛత్తీస్‌గఢీ ముసలమ్మ దగ్గర ఆమె సారా కాచడం నేర్చుకుంది. మిగతావాళ్లు బెల్లం పెంచి ఇప్పపువ్వు తగ్గిస్తే, ఈమె పువ్వే ఎక్కువ వేసేది. పరీక్ష అప్పలసూరిది. చెంచాడు తీసి అగ్గిపుల్ల గీసేవాడు, నీలంగా మండాలి. ఒకసారి గిరాకీ ఎక్కువై ఆమె చెంబెడు నీళ్లు కలపబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"నీళ్లు కావలిసినోడు ఆడింట్లో కలుపుకుంటాడు. నీకేటే ఆ తొందర?"

ఒంట్లో సత్తువ తగ్గాక ఆయన బొబ్బిలి దగ్గర సొంతూరు వెళ్లిపోయాడు. వెనకే నిషేధం వచ్చింది. అక్కడ చాటుగా దొరికే సరుకులో ఏం కలిసిందో కాచినవాడికే తెలియాలి, ఆయన ముట్టలేదు. కిందటి ఎండల్లో చూడ్డానికి వెళ్లిన చెల్లెల్ని అడిగాడు.

"ఓ గుక్కెడు తేనేకపోయినావేటే?"

"పోలీసులన్నియ్యా. మళ్లీ వచ్చినప్పుడు తెస్తాన్లే."

మళ్లీ రావడం ఆయన పెద్దకర్మకే అయింది. పోయినవాడికి ఇష్టమైనవన్నీ ఆ రోజు విస్తట్లో పెడతారు. పెట్టకపోతే ఆ కోరికతోనే తిరుగుతాడని వాళ్ల నమ్మకం. మా అత్తవారిదీ ఆ ఊరే కావడంతో నేను తోడు బయల్దేరాను. సంచి సంగతి మాత్రం దుప్పటి తడిసేదాకా నాకు చెప్పలేదు.

కానిస్టేబులు వాసన పట్టుకుని సరాసరి మా దగ్గరికే వచ్చాడు.

"ఏటమ్మా అది?"

నేను గొంతు సవరించుకుని నడుంనొప్పి తైలం గురించి మొదలుపెట్టాను. ఆమె నన్ను ఆపేసింది.

"ఆ బాబు మాట ఇనకండి. సారాయే. మా అన్న పోనాడు, రేపు దినం. ఆడి ఇస్తట్లో ఎట్టాల. బతికుండగా అడిగితే నేను తేలేదు. కావాలంటే నన్ను దింపెయ్యండి బాబూ, ఇది మాత్రం ఊరికి పోనివ్వండి."

కానిస్టేబులు తడిసిన చీర కేసి చూశాడు. వాసన పోయేలా కిటికీ తలుపు పైకెత్తాడు.

"కారతన్న వైపు పైకెట్టి పట్టుకోమ్మా," అని పక్క పెట్టెలోకి పోయాడు.

బొబ్బిలి దాకా ఆమె చిరుగుని బొటనవేలితో నొక్కిపట్టే కూర్చుంది. దిగేసరికి ఆ వేలు తెల్లగా పాలిపోయింది.

మర్నాడు అన్నం, ఎండుచేపల పులుసు పక్కన గ్లాసు పెట్టి సంచి వంచితే, ఆ ఒక్క గ్లాసే నిండింది, అంతే. భిలాయి చెల్లెలు వచ్చిందని ఆ ఊరి మగాళ్లు పొద్దున్నే తలస్నానాలు చేసి, ఎన్నడూ లేనంత భక్తిగా కూర్చున్నారు. కలిపితే తలో గుక్కా వస్తుందని ఒకాయన చెంబుతో నీళ్లు కూడా తెచ్చాడు. చిన్నమ్మలు గ్లాసు మీద అరచెయ్యి మూసింది. ఆయన చెంబు పట్టుకుని వెనక్కి వెళ్లేదాకా తియ్యలేదు.

మేనమామ వరసయ్యే ముసలాయనకు ఉక్రోషం వచ్చింది.

"ఏటే చిన్నమ్మలూ, అంత దూరం నుంచొచ్చి ఒక్కడికి సరిపడా తెచ్చినావా?"

"సచ్చిపోయినోడొక్కడే గదా, మావా."