పదకొండు పేర్లకు పడిన గుర్తులు

మొన్న మా కోడలు తన క్లాసు పిల్లల జాబితాను ఎక్సెల్‌లోంచి వర్డ్‌లోకి ఎక్కిస్తూ, "ఇదేంటత్తయ్యా, కొన్ని పేర్లకే అటూ ఇటూ కొటేషన్ గుర్తులొచ్చాయి?" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ గుర్తులే ఒకప్పుడు తిరువూరులో మా చర్చి సంఘాన్ని నెల రోజులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చేశాయి.

అప్పటికి నేను టీచరుగా రిటైరై, మా చర్చి స్త్రీల సమాజానికి సెక్రటరీనయ్యాను. సభ్యుల పేర్లు ఎక్సెల్‌లో కొట్టింది మా ఆడపడుచు. దాన్ని కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పడేసి, అక్కణ్ణుంచి వర్డ్‌లోకి తెచ్చి, ప్రింటు తీసి, కళ్ళజోడైనా పెట్టుకోకుండా గుమ్మం పక్క బోర్డుకి అంటించింది నేను. ఆదివారం చూస్తే పదకొండు పేర్లకు ఆ గుర్తులు! ఇంకోచోటైతే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. మా దగ్గర పాత పాస్టరుగారి కాలంనుంచీ ఒక అలవాటుంది. ఎవరినైనా ప్రభువు బల్లకు, అంటే చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసాలకు, దూరం పెడితే రిజిస్టరులో ఆ పేరు పక్కన పెన్సిలుతో గుర్తు పెడతారు, కారణం రాయరు. ఇంకేముంది, గుసగుసలు మొదలయ్యాయి.

ఆ పదకొండులో ఒకటి వినగడప అనే పల్లె నుంచి వచ్చిన, మేమంతా పెద్దమ్మ అని పిలిచే ఆమె పేరు. ఆస్పత్రిలో ఆయాగా చేసి, సంఘంలో సగంమంది పిల్లలకు మొదటి స్నానం పోసిన మనిషి. ఆరోజు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇస్తుంటే ఆమె లేవలేదు. వెళ్ళి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. "నేనేం పాపం చేశానో చెప్పండి టీచరుగారూ, అప్పుడొస్తా బల్ల దగ్గరికి" అంది.

ముప్పై ఏళ్ళు పరీక్షల్లో చీటీలు పట్టిన కళ్ళు నావి, ఊరుకుంటాయా? అనుమానం నేరుగా ఆడపడుచు మీదికి పోయింది. క్రిస్మస్ పాటల్లో ముందు వరుస కోసం ఆమెకీ పెద్దమ్మకీ మాటా మాటా అయింది మరి. ఇంటికెళ్ళి కడిగేశాను. "ఒట్టు వదినా, నేను ఏ గుర్తూ పెట్టలేదు" అని ఏడ్చింది. నమ్మితే ఒట్టు! కంప్యూటరు తెరిపించి, పోలీసులా పక్కన కూర్చుని ఒక్కో గడీ చూశాను. ఎక్కడా ఏమీ లేదు. నా ఎదురుగానే కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే మాత్రం ప్రత్యక్షమయ్యాయి. గడిలో రెండు వరుసలుంటే ఆ గడికే మిషను గుర్తులు తగిలిస్తోంది. అమ్మయ్య అనుకుని, అన్నీ ఏరి పారేసి, కొత్త కాగితం పట్టుకుని పెద్దమ్మ ఇంటికి పరిగెత్తాను.

ఆమె అంతా విని, "మరి మిషనుకి నేనే ఎట్టా దొరికానండీ?" అంది.

"మీ పేరు కింద ఊరి పేరుందమ్మా, అందుకని రెండు వరుసలైంది."

"అందరి పేర్ల కిందా ఊరుందా?"

లేదు. వినగడప, గంపలగూడెం వైపు నుంచి వచ్చినవాళ్ళకే ఉంది. ఆడపడుచు చేత అలా కొట్టించింది నేనే, రిజిస్టరు చూసి చదువుతూ.

"నేను తిరువూరొచ్చి నలభై ఏళ్ళు దాటింది టీచరుగారూ," అంటూ పెద్దమ్మ కాగితం నా చేతిలో పెట్టేసింది.

తరువాతి నెల బల్ల దగ్గరికి వచ్చింది, నావైపు మాత్రం చూడలేదు. ఆ గుర్తులు చెరపడానికి నాకు పావుగంట పట్టింది. ఆమెను మా ఊరి మనిషి అనుకోవడానికి నలభై ఏళ్ళు చాలలేదు.