ముందు చక్రానికి, తర్వాత మనిషికి

స్వైనుంగ్ మనుషుల్ని పలకరించే ముందు వాళ్ళ కారు చక్రాన్ని పలకరించేవాడు. లౌవ్‌వీకా అనే ఆ కొండల ఊళ్ళో ఏ కారు ఆగినా, దాని పక్కన మోకాళ్ళ మీద కూలబడి, చేతి తొడుగు ఊడదీసి, టైరు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. టైరు వెచ్చగా తగిలిందా, ముఖం ముడుచుకుపోయేది.

“బ్యాటరీలో కరెంటంతా ఇక్కడ కాగుతోంది. మీరు కారు నడుపుతున్నారా, కాఫీ కాస్తున్నారా?”

ఆ తర్వాతే “బాగున్నారా?” అనేవాడు. ఊళ్ళో అన్నీ కరెంటు కార్లే కావడంతో ఆయనకు తీరికన్నది ఉండేది కాదు.

ఒకసారి ఎవరో పెద్దాయన పోతే, శవపేటిక తెచ్చిన బండి చర్చి ముందు ఆగింది. స్వైనుంగ్ నల్లకోటు వేసుకుని దాని పక్కన మోకరిల్లి కళ్ళు మూసుకున్నాడు. పాస్టరు ఊరికి కొత్త. ఇంత దుఃఖంలో ఉన్న మనిషిని చూసి ఆయనా తల వంచాడు. ఆయన్ని చూసి ఊరంతా తల వంచింది. చాలాసేపటికి స్వైనుంగ్ లేచి, “ముందువైపు ఎడమ చక్రంలో గాలి తక్కువ,” అన్నాడు.

“ఇన్నేళ్ళ కాపురంలో నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసిన పాపాన పోలేదు,” అని వాపోయేది భార్య గున్వోర్. “ఎదురింటివాళ్ళ చక్రం వెచ్చబడితే మాత్రం భోజనం మధ్యలో లేస్తాడు.”

“నీ జ్వరం దానంతటదే తగ్గుతుంది. ఆ చక్రం తగ్గదు,” అనేవాడు స్వైనుంగ్, బంగాళాదుంప నములుతూ.

ఇల్లిల్లూ తిరిగి రోగుల్ని చూసే నర్సు తూరిద్ కనిపిస్తే ఇక చెప్పక్కర్లేదు. ఆమె ఆ పాత కారు కొన్నదే దాని పెద్దపెద్ద మెరిసే చక్రాలు చూసి.

“ఇవి చక్రాలు కావు తూరిద్, నగలు! వెడల్పెక్కువ, బరువెక్కువ, గాలితో కుస్తీ. చిన్నవి వెయ్యి. సన్నటి టైరు, పైన చదునైన మూత.”

“మా బామ్మ కారులా ఉంటుంది స్వైనుంగ్!”

“మీ బామ్మ ఎన్నడైనా దారిలో ఆగిపోయిందా?”

తూరిద్ నవ్వేసి వెళ్ళిపోయేది. కానీ ఆ శరదృతువులో ఆమెకు నవ్వు రావడం తగ్గింది. కొండ మీది బయలు దాటి, అవతలి లోయ చివర యోర్గినె అనే ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఆమె కాలి మీద మానని పుండు. రోజూ వెళ్ళి కట్టు మార్చాలి. చలి ముదిరేకొద్దీ బ్యాటరీ డీలా పడుతోంది. అక్కడే ప్లగ్గుకు తగిలిస్తే మళ్ళీ కదిలేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మిగతా రోగులేం కావాలి? నర్సుల్ని పంపే ఆఫీసువాళ్ళు తేల్చేశారు: మంచు పడ్డాక రోజూ వెళ్ళి రాలేకపోతే, యోర్గినెను పట్నంలో వృద్ధుల ఆశ్రమానికి చేర్చాల్సిందే.

“మంచంతో సహా మోసుకుపోండి. నా కాళ్ళతో నేను గడప దాటను,” అంది యోర్గినె.

సరిగ్గా ఆ రోజుల్లోనే స్వైనుంగ్ ఆదివారాలు మాయమవడం మొదలుపెట్టాడు. ఆయనదీ తూరిద్ కారులాంటి కారే. వారానికో రకం చక్రాలు బిగించుకుని, పక్క సీట్లో ఇసుక మూట పెట్టుకుని కొండ మీదికి పోయేవాడు.

“ఆ మూటకి బెల్టు కూడా పెడతాడు,” అని గున్వోర్ ఊరంతా చెప్పింది. “నాకెప్పుడైనా పెట్టాడా?”

మంచుకు ముందు వారం ఆయన తూరిద్‌ను తన షెడ్డుకు పిలిచాడు. గోడల నిండా చక్రాలే. ఏటవాలుగా ఒక చెక్క పలక పెట్టి ఉంది.

“ఇది అన్నిటికంటే తేలిగ్గా దొర్లుతుంది,” అని ఒక చక్రం చూపించాడు.

“అయితే అదే వెయ్యి.”

“మంచు మీద జారుతుంది. దూరం కోసం పట్టు వదులుకుంటే ఇంటికి చేరేది నువ్వు కాదు, నీ కబురు. ఇదిగో, ఇది పట్టుకుంటుంది, కానీ జిగురులా పట్టుకుంటుంది. ఇంకోటి బిగించబోతే బ్రేకుకు తగిలింది. చివరికి ఇది దొరికింది. చక్రం చిన్నది, టైరు ఒళ్ళు ఎత్తు. మొత్తం ఎత్తు మారదు, స్పీడు ముల్లు అబద్ధం చెప్పదు. బరువూ మోస్తుంది.”

స్వైనుంగ్ తూరిద్ కారు మెరిసే చక్రం ఒకటి ఊడదీసి పలక మీంచి వదిలాడు. అది షెడ్డు మధ్యలోనే ఒరిగింది. తర్వాత చిన్నదాన్ని వదిలాడు. అది చప్పుడు లేకుండా వాకిలి దాటింది. పెరడు దాటింది. ఆగుతుందనుకున్న ప్రతిచోటా ఇంకాస్త పోయింది. తూరిద్ వాకిలి దాకా వచ్చి చూస్తూ ఉండిపోయింది. చివరికి బట్టలు ఆరేస్తున్న గున్వోర్ దాన్ని కాలితో ఆపి, “ఇక చాలు తల్లీ, వెనక్కి పో,” అంది.

“ఇవి వేస్తే కరెంటు ఎంత మిగులుతుంది?” అంది తూరిద్ మెల్లగా.

“హీటరు వేసుకుని వెళ్ళొచ్చేంత.”

తూరిద్ చటుక్కున ఆయన వైపు తిరిగింది. కరెంటు మిగలాలని వారాలుగా హీటరు కట్టేసి కొండ దాటుతున్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

“నీకెవరు చెప్పారు?”

“దుకాణం దగ్గర నీ చక్రం కోసం వంగాను. అద్దానికి లోపలివైపు మంచు పట్టి ఉంది.” స్వైనుంగ్ గొంతు సవరించుకున్నాడు. “అందుకే నేనూ హీటరు వేసుకునే తిరిగి చూశాను. చెమటలు కారిపోయాయి. నీ మందుల పెట్టె బరువు తెలీక ఇసుక కాస్త ఎక్కువే పోశాను. నర్సు చేతులు గడ్డకట్టి ఉంటే ఆ ముసలిదాని కాలు ఏమైపోవాలి?”

మొదటి మంచు పడిన పొద్దున తూరిద్ బామ్మ కారులాంటి కారుతో కొండెక్కింది. బయలంతా తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. కోటు విప్పేసి కూర్చుంది. లోయ చివరికి చేరేసరికి బ్యాటరీ సగానికి పైగా మిగిలే ఉంది.

“నన్ను మోసుకుపోవడానికి ఎప్పుడొస్తారట?” అంది యోర్గినె.

“ఎవరూ రారు. రోజూ నేనే వస్తాను.”

యోర్గినె పుండు కాలు చాపింది. కట్టు విప్పుతుంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, రోజూ తగిలే చల్లదనం కోసం పళ్ళు బిగించింది. తూరిద్ చెయ్యి కాలి మీద పడింది. యోర్గినె ఒక కన్ను తెరిచింది.

“వెచ్చగా ఉన్నాయే! చేతులు మార్చుకొచ్చావా?”

“చేతులు కాదమ్మా, చక్రాలు.”

యోర్గినె రెండో కాలు కూడా ముందుకు చాపింది.

“దీనికేం జబ్బు లేదు. అయినా ఒకసారి చూడు.”